తడి రాయి

విమానాలు నెత్తిమీదుగా దిగే పల్లావరం వీధిలో
మా రేకుల షెడ్డు.
మార్కాపురంలో బడిపిల్లల పలకలు కోసిన చెయ్యి నాది.
పలకలు పోయాయి, చెయ్యి మిగిలింది.
ఇప్పుడు గోడలకి తగిలించుకునే నత్తల్ని కోస్తున్నాను.

నత్తలని నేనంటాను గానీ
అసలు పేరు అమ్మొనైట్లట.
మా కుర్రాడు ఎళిలన్ నోట్లో అది "అమ్మా నైట్టు".
మొదటి పెట్టె విప్పిన రోజు వాడు అరిచాడు:
"అన్నా, జాంగ్రీ!"
నాకు పొట్టేలు కొమ్ము కనిపించింది.
కాసేపయ్యాక, బిందె కింద మా అమ్మ
నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు.

ఎక్కడి సముద్రమో, ఎప్పటి బురదో,
గోనెగుడ్డ చుట్టుకుని ఓడ దిగి వచ్చింది.
వయసెంతని అడిగితే ముతలిఫ్ భాయ్
బిల్లుబుక్కు అట్ట వెనక సున్నాలు చుడుతూ పోయాడు,
ఏడో సున్నా దగ్గర ఆగి
ఎనిమిదోది వెయ్యాలా అని నన్నే అడిగాడు.

కోత దగ్గరే భయం.
వజ్రప్పొడి అంచున్న బ్లేడు, పైనుంచి సన్నటి నీటిధార.
బొడ్డు మీదుగా సరిగ్గా పోకపోతే
ఇన్ని కోట్ల ఏళ్ళూ గులకరాళ్ళ బుట్టలోకే.
ఊపిరి బిగబట్టి తోస్తాను.
పాలనీళ్ళు మోచేతులదాకా కారతాయి.
రెండు చెక్కలై విడిపోతుంది,
ఒకదాని మొహం ఒకటి అప్పుడే చూసుకున్నట్టు.

లోపల గదులు.
గదికీ గదికీ మధ్య వంగిన గోడ.
ఒక గదిలో తేనెరంగు, పక్కదాంట్లో కలకండ పలుకులు,
ఒకటి ఎందుకో ఖాళీ.

మ్యూజియంలో పనిచేసి రిటైరైన చెంగల్రాయన్ గారు
టీ తాగుతూ చెప్పారు:
ఒళ్ళు పెరిగినప్పుడల్లా అది ముందుకి జరిగి
వెనక గోడ కట్టేసుకునేదట.
కాపురం ఎప్పుడూ చివరి గదిలోనే.
నేను వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాను.
వ్యాసర్పాడి, పులియంతోపు,
క్రోంపేటలో రైలుకట్ట పక్కన ఒకటి,
ఇంటివాడు నీళ్ళు ఆపేసింది ఒకటి.
నేనే గదీ మూసుకోలేదు.
వాళ్ళే మూశారు.

అరవై నంబరు కాగితం, రెండొందలు, ఎనిమిదొందలు, మూడువేలు,
చివర తోలుచక్రం.
ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే,
తడి రాయి అబద్ధమాడుతుంది.
నీళ్ళు చల్లితే గట్టుమీది కంకరైనా మెరుస్తుంది.
తుడవాలి, ఆరనివ్వాలి,
అప్పుడు చూడాలి దాని మొహం.

ఆళ్వార్‌పేట నుంచి ఇళ్ళు అలంకరించే మేడం వచ్చింది.
సంచిలోంచి సోఫా గుడ్డముక్క తీసి
ఒక్కో చెక్క పక్కనా పెట్టి చూసింది.
"ఇంకాస్త లేత గోధుమరంగులో రాదా?"
"ఆర్డరు తీసుకుని పెరగలేదమ్మా," అన్నాను.
నవ్వింది. మంచి మనిషే.
జత వద్దు, ఒక్క చెక్క చాలంది,
నల్ల వెల్వెట్ మీద, ఇత్తడి చట్రంలో.
రెండో చెక్కని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

ఆ వారమే వాన పట్టుకుంది.
మూడో రాత్రి ఏరి పొంగి వీధిలోకి,
వీధిలోంచి మా షెడ్డులోకి.

నాలుగో రోజు మోకాలిలోతు నీళ్ళలో
టార్చి పట్టుకుని వెళ్ళాం.
మోటారు పోయింది. బిల్లుబుక్కు
అన్ని సున్నాలతో సహా గుజ్జయింది.
తోలుచక్రం అప్పంలా ఉబ్బింది.
కింది అరలో అవి ఉన్నాయి.
కోసినవీ, కొయ్యనివీ, పగుళ్ళొచ్చాయని పక్కన పడేసినవీ,
ఆ జత చెక్కలు రెండూ,
బురదనీళ్ళ అడుగున
ఒక్కటి తక్కువ కాకుండా మెరుస్తూ.

ఎళిలన్ నా చొక్కా పట్టుకున్నాడు.
"లేచి వెళ్ళిపోతాయా అన్నా?"
నాకు నవ్వు రాలేదు.
భుజం మీద తుడుపుగుడ్డ ఉంది,
తియ్యబుద్ధి కాలేదు.

అప్పుడే మేడం ఫోను.
"నా పీసు తడిసిందా?"
"తడిసిందమ్మా."
"అయ్యో, పాడైందా?"
టార్చి ఇంకోసారి కిందికి తిప్పాను.

"ఆరాక చెబుతాను," అన్నాను.